రంగం నుంచి వచ్చిన నోటు

మా మామ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతల మధ్య, వంద క్యాట్ల నోటు ఒకటుంది. క్యాట్ అంటే బర్మా డబ్బు. అంచులు మెత్తబడిపోయి, మడత పెట్టినచోట చిన్న చిల్లు పడింది. 1964లో తాతా, మామ్మా రంగం వదిలేసి శ్రీకాకుళం తిరిగొచ్చినప్పటి నోటది. రంగూన్‌ని మావైపు పెద్దవాళ్లు ఇప్పటికీ రంగం అనే అంటారు.

నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. మొన్న క్లాసులో ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, భూటాన్‌లో మనకన్నా ఎక్కువ స్వేచ్ఛ ఉందా?" అని. దేశాల్లో స్వేచ్ఛకి మార్కులేసే అమెరికా సంస్థ ఫ్రీడమ్ హౌస్ 2025 నివేదిక అలాగే చెప్పింది. రాజకీయ హక్కులకు 40, పౌర స్వేచ్ఛకు 60 మార్కులు. ఆ లెక్కలో భూటాన్ స్వేచ్ఛ ఉన్న దేశం. మనల్ని 2021 నుంచి పాక్షిక స్వేచ్ఛ జాబితాలో పెడుతున్నారు. మన ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. ఆర్థిక స్వేచ్ఛని కొలిచే కెనడా సంస్థ ఫ్రేజర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల కొలత వేరు: ప్రభుత్వ పరిమాణం, ఆస్తి హక్కులు, విలువ నిలిచే డబ్బు, విదేశీ వ్యాపారం, నియంత్రణలు. అందులో ఓటు ఊసుండదు.

రెండూ బోర్డు మీద పక్కపక్కన రాస్తుంటే ఆ నోటే గుర్తొచ్చింది. 1962 మార్చిలో బర్మా సైన్యాధిపతి నె విన్ సైన్యంతో అధికారం లాక్కుని, పార్లమెంటు రద్దు చేశాడు. తాత బియ్యం కొట్టు మాత్రం ఎప్పటిలాగే నడిచింది. రెండేళ్లకి, 1964 మార్చిలో, కొట్లు జాతీయం చేశారు. మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. ఇదేంటని నిలదీయడానికి చట్టసభ లేదు. అందుకే రాజకీయ, ఆర్థిక స్వేచ్ఛలు రెండింటినీ విడివిడిగా కొలవడం వరకూ ఒప్పుకుంటాను గానీ, ఒకటి పోయినా రెండోది నిలుస్తుందంటే నేను నమ్మను.

భూటాన్‌కి మంచి మార్కులొస్తే నాకు సంతోషమే. 2008లో అక్కడ రాజే ముందుండి ఎన్నికలు తెచ్చాడు. కానీ 1990ల మొదట్లో నేపాలీ మాట్లాడే లక్షమంది దాకా ఆ దేశం విడిచి, నేపాల్ శిబిరాల్లో ఏళ్లకేళ్లు బతికారు. 2017లో బర్మా నుంచి ఏడు లక్షలమంది రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కి పారిపోయారు. ఫ్రీడమ్ హౌస్ పట్టికలో ఇలాంటివాటికి ఒక అదనపు ప్రశ్న ఉంది: ఏదైనా జాతిని కావాలని తరిమేసి జనాభా రూపు మారుస్తున్నారా? మారుస్తుంటే గరిష్ఠంగా 4 మార్కులు కోస్తారు. ఆ ప్రశ్న పెట్టినందుకు వాళ్లంటే గౌరవమే. కానీ నాలుగు మార్కులు చాలా తక్కువ. ఇల్లూ వాకిలీ వదిలి ఓడెక్కినవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, నాకలాగే అనిపిస్తుంది.

మర్నాడు నోటుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి క్లాసుకి తీసుకెళ్లాను. ఆ అమ్మాయి కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, "మీ తాతగారికి అక్కడ ఓటుండేదా?" అంది. ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు. సాయంత్రం మామ్మని అడిగాను.

"ఓటెక్కడిదే! పొద్దున్నే కొట్టు తీసీవోడు, రాత్రికి కట్టీసీవోడు."