బాబాయి గొంతుక్కూర్చున్నాడు

నిన్న విజయవాడలో ఉచితంగా కృత్రిమ కాళ్లు పెట్టే శిబిరానికి మా బాబాయిని తీసుకెళ్లాను. ట్రాక్టర్ కింద పడి ఎడమ కాలు మోకాలి కింద తీసేసి మూడేళ్లయింది. ఆ ఏడాది మిర్చి డబ్బంతా పోసి ఒకచోట కాలు కొన్నాం. బూటు వేస్తేనే నడక. గట్టు మీద జారేది, గుడిలోకి పనికిరాదు, కింద కూర్చోనివ్వదు. నాలుగు నెలల్లో అటకెక్కింది.

ఇప్పుడు పెట్టింది జైపూర్ కాలు. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రూపొందించారు. రబ్బరు పాదం, వేళ్లతో సహా. చెప్పుల్లేకుండా నడవొచ్చు, బురదలో దిగొచ్చు. చవకదనం కంటే నాకు ఇదే గొప్పగా అనిపించింది, మన బతుకు చూసి చేసిన కాలు.

ముందు ప్లాస్టర్‌తో అచ్చు తీశారు. తర్వాత హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ పైపుని ఓవెన్‌లో మెత్తబడేదాకా వేడిచేసి, అచ్చు మీద తొడిగి బిగించారు. బాబాయి దాన్ని తడిమి చూసి, "మన పొలం పైపేరా ఇది!" అన్నాడు. ఆ గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్లైందో.

1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాళ్లని ఉచితంగా ఇస్తూ వస్తోంది, అఫ్గానిస్తాన్ లాంటి దేశాల్లో కూడా. ఆ కళాకారుడికి, ఆ డాక్టరుకి మా ఇల్లు రుణపడిపోయింది.

తిరుగు దారిలో కృష్ణా ఘాట్ దగ్గర ఆపమన్నాడు. నా భుజం పట్టుకుని మెట్లు దిగి, నీళ్ల అంచున మెల్లగా గొంతుక్కూర్చుని మొహం కడుక్కున్నాడు. పైకొచ్చాక తువ్వాలుతో రెండు పాదాలూ తుడుచుకున్నాడు. రబ్బరు వేళ్ల సందులు కూడా, ఒక్కొక్కటే.