బ్రహ్మదండి పసుపు పాలు

చెరువుగట్టు మీద బ్రహ్మదండి మళ్ళీ పూసింది. నిన్న ఆకు తుంచితే పసుపుపచ్చని పాలు వేలికి అంటుకున్నాయి. గసగసాల కుటుంబానికి చెందిన ఆర్జెమోన్ ప్రజాతి ఇది. పుట్టిల్లు అమెరికా ఖండాలు. ఆకుల మీద తెల్లని ఈనెలు, అంచుల నిండా ముళ్ళు. కాయకూ ముళ్ళే! పువ్వు మాత్రం పట్టుబట్టంత పలచన, సాధారణంగా ఆరు రేకులు.

ఎండిన కాయ కొసన విచ్చుకుంటే లోపల ఆవాల్లాంటి నల్లని గింజలు. ఆ పోలికే ప్రమాదం. 1998లో ఢిల్లీలో ఈ గింజల నూనె కలిసిన ఆవనూనె వాడి ఎందరికో కాళ్ళు వాచాయి, ప్రాణాలూ పోయాయి. అందులోని సాంగ్వినరిన్ అనే రసాయనం విషం.

ఆర్జెమోన్ అన్న పేరు కంటిజబ్బుకు గ్రీకులు వాడిన మాట నుంచి వచ్చింది. మా అమ్మమ్మ కూడా కళ్ళకలకకు ఈ పాలే వేయమనేది. దయచేసి ఎవరూ వేయకండి.