కుమిటేలో కోపం వచ్చేవాళ్ల కోసం

కరాటే క్లాసుల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఇలాంటి స్టూడెంట్ ఒకడుంటాడు. కటా (ఒంటరిగా వరసగా చేసే కదలికలు) శుభ్రంగా చేస్తాడు, బేసిక్స్‌లో వంక పెట్టడానికి ఉండదు. కుమిటేలో, అంటే ఎదురుగా ఒకరితో తలపడే స్పారింగ్‌లో, ముఖానికి ఒక్క పంచ్ తగిలితే చాలు, మనిషి మారిపోతాడు. గార్డ్ జారిపోతుంది, చేతులు విసురుగా తిరుగుతాయి, ఎదురుగా ఉన్నది తనకంటే చిన్నవాడన్న సంగతి కూడా గుర్తుండదు. "కంట్రోల్ చేసుకోరా" అని మాస్టర్ గారు అరుస్తారు. వాడు తల ఊపుతాడు. వచ్చే వారం మళ్లీ అదే.

అరిస్తే ఎందుకు తగ్గుతుంది? కోపం వచ్చిన క్షణంలో ఏం చెయ్యాలో వాడికి ఎవరూ నేర్పలేదు. మావాషి గేరి (పక్కనుంచి తిప్పి వేసే కిక్) ఎలా నేర్పుతామో ఇదీ అలాగే నేర్పాలి: ముక్కలు చేసి, నెమ్మదిగా, వందలసార్లు చేయించి. షోటోకాన్ అనే కరాటే శైలి నేర్పే దోజోల్లో (శిక్షణ శాలల్లో) క్లాసు చివర అయిదు నియమాలు గట్టిగా చెప్పిస్తారు. వాటిలో చివరిది ఆవేశంతో దౌర్జన్యానికి దిగొద్దనే. నోటితో చెప్పించడం రోజూ జరుగుతుంది. సాధన చేయించడానికి మాత్రం క్లాసులో పది నిమిషాలు దొరకవు.

దెబ్బ తగలగానే ముందు ఊపిరి బిగబడుతుంది. దవడ బిగుసుకుంటుంది, భుజాలు చెవుల దాకా లేస్తాయి, చూపు ఎదుటివాడి ముఖానికి అతుక్కుపోతుంది. భుజం లేస్తే పంచ్ నడుము నుంచి కాకుండా ఉత్త చేతి నుంచి వస్తుంది, వేగం పోతుంది. చూపు ముఖం మీదే ఉంటే కింద కాలు కదలడం కనబడదు. దూరం మర్చిపోయి తిన్నగా దూసుకెళ్తాడు కాబట్టి, అవతలివాడు ఉన్నచోటే నిలబడి గ్యాకు జుకి (వెనక చేతితో వేసే పంచ్) పెట్టినా తగులుతుంది. ఇంకో పాయింట్ పోతుంది, కోపం ఇంకాస్త పెరుగుతుంది. వరల్డ్ కరాటే ఫెడరేషన్ నియమాల ప్రకారం పంచ్‌కి 1 పాయింట్, తలకి సరిగ్గా వేసిన కిక్‌కి 3. అదే దెబ్బ అదుపు తప్పి పడితే పాయింట్ రాకపోగా వార్నింగ్ ఇస్తారు, ముదిరితే డిస్‌క్వాలిఫై చేస్తారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కోపం ఎక్కువున్న పిల్లాణ్ణి బ్యాగ్ దగ్గరకి పంపి "నీ కోపమంతా దీనిమీద తీర్చుకో" అంటారు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతే పరీక్షించాడు. తమకి కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్ కొట్టినవాళ్లలో కోపం మిగతావాళ్లకంటే ఎక్కువ కనిపించింది. ఏమీ చెయ్యకుండా రెండు నిమిషాలు కూర్చున్నవాళ్లు వాళ్లకంటే శాంతంగా ఉన్నారు. బ్యాగ్ కొట్టండి, తప్పు లేదు. కానీ మనసులో ఎవరి ముఖమూ పెట్టుకోకండి. మూడు పంచ్‌ల కాంబినేషన్, కొట్టాక పక్కకి జరగడం, ప్రతి పంచ్‌కీ ఊపిరి వదలడం, వీటిమీదే దృష్టి ఉండాలి.

అసలు డ్రిల్‌కి వస్తాను. దెబ్బ తగిలిన మరుక్షణం నోటితో పొడుగ్గా ఊపిరి వదలాలి. వదులుతూనే భుజాలు దించి, ఏటవాలుగా పక్కకి ఒక అడుగు వెయ్యాలి. చూపుని ఎదుటివాడి ఛాతీ మీదకి, కాలర్ ఎముకల దగ్గరికి తేవాలి. గార్డ్ పైనే ఉండాలి. అంతా కలిపి రెండు సెకన్లు.

మొదటి వారం పార్ట్‌నర్ లేకుండా రోజుకి 50 సార్లు, అద్దం ముందు. రెండో వారం పార్ట్‌నర్ గ్లవ్‌తో నుదుటిని మెల్లగా తాకుతాడు, తాకినప్పుడల్లా ఇదే చెయ్యాలి. పదేసి చొప్పున మూడు సెట్లు. మూడో వారం ఎప్పుడు తాకుతాడో తెలియకుండా, నెమ్మదైన స్పారింగ్ మధ్యలో. నాలుగో వారం ముందు 20 బర్పీలు (కిందికి వంగి కాళ్లు వెనక్కి చాపి, మళ్లీ లేచి ఎగిరే వ్యాయామం) చేసి, ఆయాసంలోనే అదే పని. ఈ చివరి మెట్టు వదిలేస్తే మిగతాదంతా వృథా అవుతుంది, ఎందుకంటే మ్యాచ్‌లో కోపం వచ్చేది అలిసిపోయినప్పుడే.

దీంట్లో తప్పులు ఎక్కడ జరుగుతాయో చెప్తాను. ఊపిరి వదలమంటే చాలామంది ముందు గుండెల నిండా పీల్చుకుంటారు. దాంతో భుజాలు మళ్లీ లేస్తాయి, కాబట్టి మొదలుపెట్టడమే వదలడంతో మొదలుపెట్టాలి. కొందరు తిన్నగా వెనక్కి వెళ్తారు, అవతలివాడు అదే గీత మీద వెంటపడి ఇంకోటి వేస్తాడు. పక్కకి అడుగు అని అంతగా చెప్పేది అందుకే. కొందరు చూపు నేల మీదకి దించేస్తారు, అది దెబ్బని పిలిచి తెచ్చుకోవడమే. ఇంకొందరు అన్నీ సరిగ్గా చేసి, తర్వాతి పంచ్ రెట్టింపు బలంతో వేస్తారు. వాళ్లని మళ్లీ రెండో వారం మెట్టుకి దించాలి.

పార్ట్‌నర్‌తో ఒప్పందం స్పష్టంగా ఉండాలి. "మెల్లగా ఆడదాం" అంటే ఎవరి మెల్ల వాళ్లది. దానికి కొలత పెట్టుకోండి. గ్లవ్ చర్మానికి తగిలి ఆగాలి. తల కదిలిందంటే దెబ్బ ఎక్కువైనట్టే. తగిలినవాడు "తగ్గించు" అంటే వాదన లేకుండా తగ్గించాలి. ఎంత గట్టిగా తగిలిందో తెలిసేది తిన్నవాడికే.

ఇక ఫిట్‌నెస్. పెద్దవాళ్ల కుమిటే బౌట్ 3 నిమిషాలు. మొదటి నిమిషం ఓపికగా ఆడినవాడే మూడో నిమిషంలో తెగబడుతున్నాడంటే, స్వభావం గురించి మాట్లాడేముందు దమ్ము చూడాలి. వారానికి మూడు రోజులు 30 నుంచి 40 నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తండి. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం చాలు. మనవాళ్లకి ఇదే కష్టం, మెల్లగా పరిగెత్తడం నామోషీ అనుకుంటారు. వారానికి ఒక రోజు మాత్రం 30 సెకన్లు పూర్తి వేగంతో స్కిప్పింగ్, 90 సెకన్లు నడక, ఇలా ఆరు నుంచి ఎనిమిది రౌండ్లు. రౌండ్ అవగానే నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి, నిమిషం ఆగి మళ్లీ చూడండి. ఆ నిమిషంలో ఎంత తగ్గిందో రాసుకుంటూ పొండి. వారాలు గడిచేకొద్దీ ఆ తేడా పెరుగుతుంటే దమ్ము వస్తున్నట్టే. పొద్దున మంచం దిగకముందు నాడి మామూలుకంటే బాగా ఎక్కువగా ఉంటే, ఆ రోజు స్పారింగ్ వద్దు, కటా చేసుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్ల కింద సాయంత్రం క్లాసులు పెట్టే చోట గొడవలు ఎక్కువైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. విజయవాడ ఎండలో ఒంట్లో నీళ్లు తగ్గినవాడికి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? కుమిటేని పొద్దున ఆరింటికి మార్చండి. క్లాసుకి రెండు గంటల ముందు అర లీటరు నీళ్లు, అయ్యాక ఉప్పేసిన మజ్జిగ. సాయంత్రం క్లాసయితే ముప్పావు గంట ముందు ఒక అరటిపండు. బరువు కేటగిరీ కోసం టోర్నమెంట్ ముందు నీళ్లు మానేసేవాళ్లకి చిరాకు ముందే మొదలవుతుంది. పిల్లల చేత ఆ పని అస్సలు చేయించకండి.

కోపం దోజో దాటి ఇంట్లోనూ ఉంటే రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి. టైమ్, దానికి ముందు ఏం జరిగింది, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఆఖరున తిన్నది ఎప్పుడు, ఒంట్లో మొదట ఏది బిగుసుకుంది. అంతే, సంజాయిషీలు రాయొద్దు. ఆకలి వేళో, నిద్ర తక్కువైన రోజో, ఒకే మనిషి మాటో పదేపదే కనిపిస్తుంది. దాన్ని ముందు సరిచెయ్యండి. దీనితోపాటు రోజూ అయిదు నిమిషాలు, ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. నిమిషానికి ఆరు శ్వాసలొస్తాయి. శాంతంగా ఉన్నప్పుడు అలవాటు చేసుకోనిది కోపంలో గుర్తురాదు. క్లాసు చివర మొకుసో (కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడం) చాలాచోట్ల అర నిమిషంలో ముగిస్తారు. మాస్టర్లు దాన్ని అయిదు నిమిషాలకి పెంచితే ఈ సాధన అక్కడే అయిపోతుంది.

మాస్టర్లకి ఇంకో విన్నపం. కోపంతో కొట్టిన పిల్లాడికి యాభై పుషప్స్ శిక్ష వెయ్యకండి. వాడు ఆ యాభైలోనూ పగే తలుచుకుంటాడు. "యామే" (ఆపు) అని చెప్పి బయట కూర్చోబెట్టి, ముప్పై శ్వాసలు లెక్కపెట్టించి, అదే పార్ట్‌నర్‌తో ఒక నిమిషం నెమ్మదైన రౌండ్ ఆడించి పంపండి. వేరే పార్ట్‌నర్‌ని ఇస్తే ఆ ఇద్దరి మధ్య కోపం అలాగే మిగిలిపోతుంది. గీత అవతల నుంచి "కొట్టు, కొట్టు" అని అరిచే తల్లిదండ్రుల్ని కూడా ఆపాల్సింది మీరే.

ఇంట్లోవాళ్ల మీద చెయ్యి లేస్తున్నా, వస్తువులు పగులుతున్నా, మందు తాగితేనే శాంతించే పరిస్థితి వచ్చినా ఈ డ్రిల్స్ చాలవు. సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. అలాంటివాడు అది సర్దుకునేదాకా స్పారింగ్ ఆపి, కటా, పరుగు మాత్రం వదలకుండా క్లాసుకి రావాలి.