ఆస్పరాగస్, నారింజ తొనలు, చేదు ఆకులు: వసంతకాలం సలాడ్

ఈ సలాడ్ రుచంతా వరసలో ఉంది. చేదు ఆకుకు ముందు ఉప్పూ నూనే పట్టాలి, పచ్చటి లేత కాడలైన ఆస్పరాగస్‌కు పులుపు అన్నిటికన్నా చివర తగలాలి, తడి దేనికీ ఉండకూడదు. ఈ మూడూ కుదిరితే కొలతలు కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. కుదరకపోతే ఎంత ఖరీదైన సరుకు తెచ్చినా గిన్నె అడుగున నీళ్లు, పైన రంగు మాసిన కాడలు మిగులుతాయి.

దీనికి అసలైన కాలం మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా. ఇటలీలో చలికాలమంతా దొరికే రాడిక్కియో (చిన్న క్యాబేజీలా ముడుచుకుని ఉండే ఎర్రటి చేదు ఆకు), లోపల ఎర్రగా ఉండే బ్లడ్ ఆరెంజ్ అప్పటికి ముగింపుకొస్తాయి, ఆస్పరాగస్ అప్పుడే నేలలోంచి తల ఎత్తుతుంది. ఆ కొద్ది వారాలే మూడూ ఒకే సంతలో కనిపిస్తాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు కాలిఫోర్నియా ఆస్పరాగస్ ముందుగా వస్తుంది, మిషిగన్‌ది మే నెల పంట. అప్పటికి నేవల్ అనే గింజల్లేని నారింజలు తగ్గిపోతాయి కాబట్టి వాలెన్షియా రకం నారింజలు వాడుకోవాలి. హైదరాబాద్‌లో పెద్ద సూపర్ మార్కెట్లలో ఆస్పరాగస్ చిన్న కట్టలుగా ఏడాదిలో చాలా రోజులు దొరుకుతుంది గానీ, కోసి ఎన్నాళ్లయిందో చూసి కొనాలి.

చూడటమెలాగంటే, ముందు మొన చూడండి. మొగ్గలు బిగుసుకుని, పొడిగా ఉండాలి. విచ్చుకున్నా, తడిసి జిగురుగా అనిపించినా, వాసన వస్తున్నా ఆ కట్ట వద్దు. కోసిన అడుగు భాగం ఎండి చీలిపోయి ఉంటే అది పాతది. తాజా కాడలు రెండు ఒకదానితో ఒకటి రుద్దితే కీచుమంటాయి. లావు కాడ ముదురు, సన్న కాడ లేత అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. లావు ఆ మొక్క రకాన్నీ, వయసునూ, బలాన్నీ బట్టి ఉంటుంది. నేలలోంచి లావుగా లేచిన కాడ లావుగానే లేస్తుంది. సలాడ్‌కు వేలంత లావువే మంచివి. చెక్కు తీయడానికి, పీలర్‌తో రిబ్బన్లు లాగడానికి వీలుగా ఉంటాయి.

కోసిన తర్వాత కూడా ఆస్పరాగస్ గట్టిగా ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆ క్రమంలో తనలోని చక్కెరను తనే ఖర్చు చేసుకుంటుంది, అడుగు నుంచి పైకి నార ముదురుతూ వస్తుంది. అందుకే తెచ్చిన రోజో మర్నాడో వండేయాలి. దాచక తప్పదంటే అడుగు అర సెంటీమీటరు కోసి, గ్లాసులో రెండు వేళ్ల నీళ్లు పోసి నిలబెట్టి, పైన వదులుగా కవరు కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు ఆగుతుంది, తీపి మాత్రం తగ్గుతుంది.

నలుగురికి కావలసినవి ఇవి: ఆస్పరాగస్ 450 గ్రాములు, నేవల్ లేదా బ్లడ్ ఆరెంజ్‌లు రెండు, చిన్న రాడిక్కియో ఒకటి (సుమారు 200 గ్రాములు), ఎండైవ్ (మొగ్గలా ముడుచుకున్న తెల్లటి ఆకు) ఒకటి, అరుగులా (ఘాటైన పచ్చి ఆకు) రెండు గుప్పెళ్లు, సాంబారు ఉల్లిపాయలు రెండు, బాదం లేదా పిస్తా 40 గ్రాములు. డ్రెస్సింగ్‌కు ఆలివ్ నూనె 60 మి.లీ., నిమ్మరసం 20 మి.లీ., నారింజ రసం 15 మి.లీ., డిజాన్ ఆవముద్ద ఒక టీ స్పూను, ఉప్పు, మిరియాల పొడి.

ఆకులతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే నానడానికీ ఆరడానికీ వాటికే ఎక్కువ సేపు కావాలి. రాడిక్కియో, ఎండైవ్, ఎస్కరోల్, ఫ్రిజే అన్నీ చికోరీ కుటుంబమే. వీటి చేదుకు కారణం లాక్టుసిన్, లాక్టుకోపిక్రిన్ అనే పదార్థాలు. ఆకు కోసినప్పుడు తెల్లగా పాలు కారతాయే, అవి అందులోనే ఉంటాయి. ఈనెల్లో, మొదలు దగ్గర చేదు ఎక్కువ, ఆకు అంచుల్లో తక్కువ. రాడిక్కియోను నాలుగు చెక్కలు చేసి, మధ్యలోని తెల్లటి గట్టి భాగం తీసేసి, వేలి వెడల్పున తరిగి, ఐస్ నీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు ఉంచితే కోసిన అంచుల నుంచి చేదు కొంత నీళ్లలోకి దిగుతుంది, ఆకు కరకరలాడుతుంది. కోయకుండా నానబెడితే కరకర వస్తుంది గానీ చేదు పెద్దగా తగ్గదు. రోమ్‌లో పుంటారెల్లే అనే చికోరీ కాడలను సన్నగా చీల్చి చల్లటి నీళ్లలో వేసేదీ ఇందుకే. అవి వంకీలు తిరుగుతాయి, చేదూ మెత్తబడుతుంది. అక్కడ దాన్ని వెల్లుల్లి, ఆంకోవీ చేప, వెనిగర్, నూనెతో కలుపుతారు. అంత చేదుకు ఆ ఉప్పదనమే సరైన జోడీ.

ఎండైవ్‌ను మాత్రం నానబెట్టొద్దు. దాన్ని చీకట్లో పెంచుతారు కాబట్టి చేదు తక్కువే. వెలుగు తగిలితే అంచులు పచ్చబడి చేదెక్కుతుంది. కొట్లో తెల్లగా, అంచు లేత పసుపుగా ఉన్నవే ఏరుకోండి. కోసిన అంచు కాసేపట్లో గోధుమరంగుకు తిరుగుతుంది, అందుకని చివర్లో కోయాలి.

నానిన ఆకును ఆరబెట్టడంలో చాలామంది తొందరపడతారు. ఆకు మీద నీటి పొర ఉంటే నూనె అంటదు, జారిపోయి అడుగు చేరుతుంది, డ్రెస్సింగ్ పలచబడుతుంది. సలాడ్ స్పిన్నర్ ఉంటే రెండు విడతలుగా తిప్పండి, మధ్యలో నీళ్లు పారబోయండి. లేకపోతే పొడి నూలు బట్టలో పరిచి, చుట్టి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. చేత్తో తాకితే తడి తెలియకూడదు.

ఇక ఆస్పరాగస్. కాడను విరిస్తే ఎక్కడ విరుగుతుందో అక్కడిదాకా పారేయమని చెబుతుంటారు. అలా చేస్తే మంచి భాగం కూడా పోతుంది. అడుగున తెల్లగా, గట్టిగా ఉన్న రెండు మూడు సెంటీమీటర్లు కోసేసి, ఆ పైన ఐదారు సెంటీమీటర్లు పీలర్‌తో పలచగా చెక్కు తీస్తే చాలు. నార అంతా ఆ పైతోలులోనే ఉంటుంది. సన్నటి కాడలకు చెక్కు అక్కర్లేదు.

కట్టలో మూడో వంతు పచ్చిగా వాడండి. లావు కాడలు ఎంచి, బల్ల మీద పడుకోబెట్టి, మొన పట్టుకుని పీలర్‌తో అడుగు వైపు లాగితే పలచటి రిబ్బన్లు వస్తాయి. చేత్తో గాల్లో పట్టుకుని గీస్తే కాడ వంగి విరుగుతుంది. పచ్చి రిబ్బన్లకు పచ్చి బఠాణీ తీపి ఉంటుంది, ఉడికిన ముక్కల్లో అది దొరకదు. వీటికి ఉప్పు సరిగ్గా వడ్డించబోయేటప్పుడే కలపాలి. ముందే వేస్తే నీరూరి వాలిపోతాయి.

మిగతావాటికి పెద్ద గిన్నెలో మూడు లీటర్ల నీళ్లు మరిగించి, లీటరుకు 10 గ్రాముల చొప్పున ఉప్పు వేయండి. నీళ్లు ఎక్కువ ఉండాలి, లేదంటే కాడలు వేయగానే మరుగు ఆగిపోయి, మళ్లీ అందుకునేలోపు రంగు పాడవుతుంది. మూత పెట్టొద్దు. కూరలోంచి ఆవిరితో బయటికి పోవలసిన ఆమ్లాలు మూత పెడితే తిరిగి నీళ్లలోకే వస్తాయి. ఆమ్లం తగిలితే పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోయి, పచ్చ రంగు మాసి ఆలివ్ రంగుకు మారుతుంది. రంగు నిలవాలని కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. రంగు నిలుస్తుంది, కాడ మాత్రం మెత్తగా జావ అవుతుంది. ఆ పని చేయొద్దు.

పెన్సిల్ లావు కాడకు ఒక నిమిషం, వేలంతదానికి రెండు నుంచి రెండున్నర, బొటనవేలంతదానికి మూడు దాటి. గడియారంకన్నా చాకు మొన నమ్మకమైనది: అడుగు భాగంలో గుచ్చితే దిగాలి, దిగేటప్పుడు కొంచెం ఆపినట్టు ఉండాలి. వెంటనే ఐస్ నీళ్లలోకి. రెండు నిమిషాల్లో చల్లబడిపోతుంది, అప్పుడే తీసేయండి. అక్కడే వదిలేస్తే రుచి నీళ్లపాలవుతుంది. బట్ట మీద ఆరబెట్టి, ఏటవాలుగా రెండంగుళాల ముక్కలు కోసి, ఒక టీ స్పూను నూనె, చిటికెడు ఉప్పు పట్టించి పక్కన పెట్టండి. నిమ్మరసం ఇప్పుడే వద్దు. యూరప్‌లో ఇష్టపడే తెల్ల ఆస్పరాగస్ దొరికితే పద్ధతి వేరు. దాన్ని మొన కింది నుంచి పూర్తిగా చెక్కు తీసి 10 నుంచి 15 నిమిషాలు ఉడికించాలి. పచ్చిగా బాగుండదు.

నారింజను చేత్తో ఒలిచి వేస్తే పొర నోట్లో తగులుతుంది. పైనా కిందా బిళ్లలుగా కోసి, బల్ల మీద నిలబెట్టి, గుండ్రటి వంపు వెంబడి తొక్కనూ తెల్ల పీచునూ కలిపి పైనుంచి కిందికి కోసేయండి. తర్వాత గిన్నె మీద పట్టుకుని, ప్రతి పొరకూ ఇరుపక్కలా పదునైన చాకు దింపితే తొన గుజ్జు ఒక్కటే విడివడుతుంది. మిగిలిన పొరల గుత్తిని పిండితే డ్రెస్సింగ్‌కు చాలినంత రసం వస్తుంది. తొనలను జల్లెడలో వేసి వడకట్టాలి.

నేవల్ నారింజ రసం మాత్రం అప్పటికప్పుడే వాడాలి. పిండిన కొన్ని గంటల్లో అందులో లిమోనిన్ తయారై రసం చేదెక్కుతుంది. వాలెన్షియాలో ఈ బాధ తక్కువ, రసాల కంపెనీలు దాన్ని ఇష్టపడటానికి ఇదీ ఒక కారణం.

మన పండ్లలో దీనికి అన్నిటికన్నా నప్పేది పంపరపనస. తొన మీది మందపాటి పొర ఒలిస్తే లోపలి రసగుళికలు దేనికది విడిపోతాయి, నీరు కారవు, సలాడ్ తడవదు. బత్తాయి తొన పొర గట్టిది, పులుపు చాలదు. దాన్ని పైన చెప్పినట్టే కోసి, నిమ్మరసం ఇంకో టీ స్పూను పెంచాలి. పుల్ల నారింజ దొరికితే డ్రెస్సింగ్‌లో నిమ్మ బదులు వాడండి, వాసన అద్భుతంగా ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస, పుల్ల నారింజ కొన్ని మందులతో పడవు. పేగుల్లో ఆ మందులను విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఇవి అడ్డుకుంటాయి, దాంతో మందు రక్తంలోకి మోతాదు మించి చేరుతుంది. కొలెస్టరాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, బీపీకి వాడే ఫెలోడిపిన్, నిఫెడిపిన్ ఈ కోవలోవే. అలాంటి మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ పండ్లు తినొద్దు. మామూలు తీపి నారింజ, బత్తాయితో ఈ ఇబ్బంది లేదు.

డ్రెస్సింగ్‌కు ఉల్లిపాయలు సన్నగా తరిగి, అర టీ స్పూను ఉప్పు, నిమ్మరసం, నారింజ రసంలో పది నిమిషాలు నానబెట్టండి, ఘాటు తగ్గుతుంది. సగం నారింజ పైతొక్కను తెల్ల పీచు రాకుండా తురిమి అందులో వేయండి. నారింజ వాసన నిజానికి ఇస్తున్నది ఆ తురుమే. కొన్ని వంటకాల్లో చెప్పినట్టు రసాన్ని మరిగించి చిక్కబరిస్తే తాజాదనం పోయి జామ్ వాసన వస్తుంది. ఆవముద్ద కలిపి, నూనె ధారగా పోస్తూ చేత్తోనే గిలకొట్టండి. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను మిక్సీలో తిప్పితే చేదు తేలొచ్చు, ఇక్కడ చేదు ముందే ఉంది. ఘాటైన నూనెకన్నా మెత్తటిది మేలు. గానుగ వేరుశెనగ నూనె కూడా బాగా కుదురుతుంది.

కలిపే వరస ఇది. వెడల్పాటి గిన్నెలో రాడిక్కియో వేసి, రెండు చిటికెల ఉప్పు, సగం డ్రెస్సింగ్ వేసి, చేత్తో పైకీ కిందికీ కలిపి ఐదు నిమిషాలు వదిలేయండి. నాలుక మీద చేదును అణచడంలో ఉప్పుకు ఉన్న బలం చక్కెరకు లేదు. కాకరకాయ ముక్కలకు ముందు ఉప్పు పట్టించినట్టే ఇదీ, పిండేయడమొక్కటే ఉండదు. తర్వాత ఎండైవ్, అరుగులా, పచ్చి రిబ్బన్లు వేసి ఒక్కసారి తిప్పండి. పళ్లెంలో పరిచి, ఉడికిన కాడలు, తొనలు పైన సర్దండి. తొనలను గిన్నెలో వేసి కలిపితే చితికి రసం వదులుతాయి. మిగిలిన డ్రెస్సింగ్, వేయించి పగలగొట్టిన బాదం, మిరియాల పొడి చల్లి పావుగంటలోపు వడ్డించాలి.

చీజ్ వేయాలనుకుంటే ఫెటా గానీ మేక పాల మెత్తటి చీజ్ గానీ 60 గ్రాములు చాలు. శాకాహారులు గమనించాల్సింది, పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ గట్టి చీజ్ తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) వాడటం తప్పనిసరి. కవరు మీద పచ్చ చుక్క చూసి వేరే గట్టి చీజ్ కొనుక్కోవడమే దారి. పనీర్ ఇక్కడ నప్పదు, ఉప్పు ఉండదు, చేదుకు ఎదురు నిలవదు.

రాడిక్కియో దొరకని చోట లేత మెంతి ఆకులు వాడొచ్చు, కానీ మెంతికి సొంత వాసన బలంగా ఉంటుంది. ఆకులు మాత్రమే దూసి, ఒక గుప్పెడు మెంతికి మూడు గుప్పెళ్ల లెట్యూస్ కలపండి. శతావరి ఆస్పరాగస్ జాతిదే అయినా ఈ పనికి రాదు, ఆయుర్వేదంలో వాడేది దాని వేర్లు.

రుచి చూశాక చేదు మించిందనిపిస్తే ముందు చిటికెడు ఉప్పు, అప్పటికీ తగ్గకపోతే గింజలో చీజో పెంచండి. తేనె మాత్రం అర టీ స్పూను దాటొద్దు, చేదు అలాగే ఉండి మీద తీపి తేలుతుంది. చప్పగా ఉంటే ఉప్పు కాదు, నిమ్మ తక్కువైంది. తిన్న తర్వాత మూత్రం వింత వాసన రావడం ఆస్పరాగస్‌లోని గంధకపు పదార్థాల వల్లే, ప్రమాదమేమీ లేదు.

కలిపిన సలాడ్ మర్నాటికి పనికిరాదు. విందుకు ముందురోజే సిద్ధం చేసుకోవాలంటే విడివిడిగా దాచండి: ఆరబెట్టిన ఆకులు బట్టలో చుట్టి డబ్బాలో, ఉడికిన కాడలు నూనె, ఉప్పు లేకుండా మూత డబ్బాలో, వేయించిన గింజలు ఫ్రిజ్ బయట. నారింజలు కోయడం, డ్రెస్సింగ్ కలపడం, ఎండైవ్ తరగడం మాత్రం ఆ పూటకే ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసిన కాడలను వడ్డించే ముందు 20 నిమిషాలు బయట పెడితే చల్లదనం తగ్గి, తీపి మళ్లీ నాలుకకు తెలుస్తుంది.