ఇంటి పన్ను బిల్లు లేటుగా వస్తే ముందుగాల అది అందిన తేదీ రాయించుకోండి

పోయిన ఫిబ్రవరి చివరి వారంల పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. "మీ బాపు పేరు మీద బాకీ ఉన్నదట రా, వడ్డీ గూడ పడ్డదట" అన్నది. బాపు పోయి నాలుగేండ్లయింది, ఆయన ఉన్నన్ని దినాలు కిరాణం షాపుల గూడ ఖాతా పెట్టనియ్యలే, అసొంటి మనిషి పేరు పక్కన బకాయి అని ప్రింట్ చేసిన కాగితం చూస్తే అమ్మకు ఎట్లుంటదో నాకు తెల్సు. వెంటనే బస్సెక్కిన.

మాది నల్గొండ జిల్లాల ఒక చిన్న మున్సిపాలిటీ, ఊరి పేరు రాయను. 2018 దాకా గ్రామ పంచాయతే. అప్పుడైతే పంచాయతీల పన్ను వసూలు చేసే కారోబార్ రసీదు బుక్కు చంకల పెట్టుకొని ఇంటింటికి తిరిగేటోడు, వడ్లు అమ్ముకున్నంక కడుతం అంటే సరే అని పోయి మళ్ల వచ్చేటోడు. ఆ ఏడు ఆగస్టుల రాష్ట్రంల చానా ఊర్లతోని పాటు మాది గూడ మున్సిపాలిటీ అయింది, బోర్డు మారింది, కానీ పన్ను లెక్క ఎట్ల మారిందో మాత్రం మా గల్లీల ఎవ్వరికీ కూసోబెట్టి చెప్పలే. బిల్లు వచ్చినంక కడుదాం అనే పాత అలవాటే నడుస్తుంది జనానికి. అసలు తిప్పలంతా ఆడనే ఉన్నది.

మున్సిపాలిటీల పన్ను ఆర్నెల్లకోసారి లెక్క. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇంకోటి. మా దగ్గర మొదటి దానికి జూన్ 30 గడువు, రెండో దానికి డిసెంబర్ 31. ఆ దినం దాటితే నెలకు 2 శాతం వడ్డీ మొదలైతది. బిల్లు మన చేతికి వచ్చిందా రాలేదా అని ఆ వడ్డీ చూడదు, క్యాలెండర్ చూసి నడుస్తది.

అమ్మ చేతిల ఉన్న బిల్లు చూసిన. ఆర్నెల్లకు 1,200, ఏడాదికి 2,400. మొదటి 1,200 మీద జులై నుంచి ఫిబ్రవరి దాకా ఎనిమిది నెలలకు 192, రెండో దాని మీద జనవరి ఫిబ్రవరి రెండు నెలలకు 48. మొత్తం వడ్డీ 240 రూపాయలు. పెద్ద పైసలేం కావు అంటరు కొందరు, పింఛను మీద బతికే మనిషికి 240 అంటే నెల పాల పైసల్ల సగం. పైగా ఏప్రిల్ 30 లోపల ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గిస్తరు, ఎర్లీ బర్డ్ అంటరు దాన్ని, అంటే ఇంకో 120 గూడ పోయినట్టే. బిల్లు కింద మూలకు చిన్నక్షరాలల్ల ప్రింట్ తేదీ ఉన్నది. జులై నెల తేదీ. జులైల ప్రింటైన కాగితం మా గడపకు వచ్చేసరికి ఫిబ్రవరి అయింది!

ఇగ బిల్ కలెక్టర్‌ను పిలిస్తే వచ్చిండు, మంచిగనే మాట్లాడిండు, ఆయన మీద నాకేం కోపం లేదు, మూడు వార్డులు ఒక్కడే తిరుగుతుండు. "అందరికీ ఇట్లనే ఇచ్చినం అన్నా, వడ్డీ కంప్యూటరే వేస్తది, మా చేతుల లేదు" అన్నడు. అది నిజమే. వడ్డీ మాఫీ అనేది కౌంటర్ల కూసున్నోళ్లు చేసేది కాదు, సర్కారు జీవో తీస్తేనే. 2020 జులైల అట్లనే వన్ టైమ్ స్కీమ్ అని పెట్టిన్రు, అసలు మొత్తం కట్టినోళ్లకు పాత బకాయి వడ్డీల 90 శాతం కొట్టేసిన్రు. కానీ అసొంటి స్కీమ్ ఎప్పుడొస్తదా అని కూసుంటే నెల నెలా 2 శాతం ఎక్కుతనే ఉంటది, నేనైతే ఎవరికీ ఆ సలహా ఇయ్యను.

మరి మనకేం హక్కు లేదా అంటే ఉన్నది, అది నోటితోని కొట్లాడితే రాదు, కాగితం మీద రావాలె. నేను ముందు చేసింది ఒక్కటే, ఆ బిల్లు మీద "ఈ బిల్లు నాకు ఫలానా తేదీన అందింది" అని అమ్మతోని రాయించి సంతకం పెట్టించి, బిల్ కలెక్టర్‌ను గూడ తేదీ వేసి సంతకం పెట్టుమన్న. కొంచెం ఎనకా ముందు అయిండు, అమ్మ "పెట్టు బిడ్డా, నువ్వు ఇయ్యాల ఇచ్చింది నిజమే గదా" అంటే పెట్టిండు. ఆ సంతకం లేకపోతే మనం ఏం చెప్పినా వట్టి మాటే అయితది.

తర్వాత పన్ను మొత్తం వడ్డీతో సహా కట్టేసిన. ఇది జాగ్రత్తగ వినుండ్రి, వడ్డీ మీద అభ్యంతరం ఉందని అసలు ఆపుకుంటే మనకే నష్టం. కట్టి, అదే దినం కమిషనర్ పేరు మీద దరఖాస్తు ఇచ్చిన. నాలుగు లైన్లే: మా అసెస్‌మెంట్ నంబర్ (మా ఇంటి పన్ను ఖాతా నంబర్) ఇది, బిల్లు జులైల ప్రింటై మాకు ఫిబ్రవరిల అందింది, వడ్డీ 240 అభ్యంతరం తెలుపుతూ కడుతున్నం, బిల్లు లేటు మా తప్పు కాదు కాబట్టి వడ్డీ తిరిగి పరిశీలించి రాతపూర్వకంగా జవాబియ్యాలె. రెండు కాపీలు తీస్కపోయి ఒక దాని మీద ఇన్‌వర్డ్ నంబర్, అంటే దరఖాస్తు ఆఫీసుల తీసుకున్నట్టు వేసే నంబర్, వేయించుకొని ముద్ర కొట్టించుకున్న. ముద్ర లేకుండా ఇచ్చిన దరఖాస్తు ఏ టేబుల్ మీద పోతదో ఎవరికీ తెల్వదు.

ఇంకొక ముచ్చట, రసీదుల గురించి. అమ్మ అన్ని కాగితాలు ఒక ప్లాస్టిక్ కవర్ల పెట్టి ట్రంకు పెట్టెల దాస్తది. అంతకు ముందు ఏడు కట్టిన రసీదు తీసి చూస్తే తెల్లగ ఉన్నది, ఒక్క అక్షరం లేదు. మిషిన్ల నుంచి వచ్చే ఆ నున్నటి కాగితం మన ఎండలకు ఏడాది గూడ ఆగదు. అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీస్కపోయి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, "కట్టిన రా, నేనే పోయి కట్టిన" అంటుంది. ఆన్‌లైన్ల అసెస్‌మెంట్ నంబర్ కొడితే కట్టినట్టు వచ్చింది గనక సరిపోయింది, లేకుంటే రెండోసారి కట్టుడే. కట్టిన దినమే జిరాక్స్ తీయించుండ్రి, లేదా ఫోన్ల ఫొటో తీసి ఇంట్ల ఇంకొకరికి పంపుండ్రి.

దరఖాస్తుకు నెల అయినా జవాబు రాలే. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద అడిగిన, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి. చట్టం ప్రకారం 30 దినాలల్ల చెప్పాలె. మూడే అడిగిన: మా ఇంటి బిల్లు ఎప్పుడు ప్రింటైంది, ఎప్పుడు అందజేసిన్రు, అందజేసినట్టు రిజిస్టర్ పేజీ కాపీ. ఎందుకు లేటయింది, బాధ్యులు ఎవరు అని అడిగితే అది మా దగ్గర లేదు అంటరు, రికార్డుల ఉండేదే అడగాలె.

27వ దినం కవరు వచ్చింది. బిల్లు జులైలనే ఇచ్చినం అని రాసిన్రు. దానెంబడే రిజిస్టర్ పేజీ. మా ఇంటి నంబర్ ముందర ఒక టిక్కు ఉన్నది, సంతకం గడి ఖాళీ. మా ఒక్కరిదే కాదు, ఆ పేజీల పదకొండు ఇండ్లు, పదకొండు టిక్కులు, ఒక్క సంతకం లేదు. మా దగ్గరేమో ఫిబ్రవరి తేదీతోని సంతకం ఉన్న బిల్లు ఉన్నది.

ఆ పేజీ జిరాక్సులు తీసి గల్లీల పంచిన. ఇంటికి తాళం పెట్టి హైదరాబాద్‌ల ఉంటున్నోళ్లు ఇద్దరున్నరు, వాళ్లకు ఫోన్ చేసి అసలు బిల్లు కోసం ఆగకుండ్రి, ఏప్రిల్‌లనే ఆన్‌లైన్ల గానీ మీసేవల గానీ నంబర్ చెప్పి కట్టుండ్రి అని చెప్పిన. అమ్మది గూడ ఈసారి ఏప్రిల్ రెండో వారంలనే కట్టినం, 2,280 అయింది. బాపు పేరు మార్పించే పని గూడ పెట్టుకున్న, ముటేషన్‌కు కావాల్సిన కాగితాలు ఒక్కొక్కటి జమ చేస్తున్న.

240 ఇంకా రాలే. పదకొండు ఇండ్లోళ్లం కలిసి ఒక్కటే దరఖాస్తు రాసుకున్నం, రిజిస్టర్ పేజీ జత చేసినం, వచ్చే సోమవారం కలెక్టరేట్‌ల జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోతున్నం. అమ్మ గూడ వస్తా అంటుంది.