ఎడ్వర్డ్ గ్రిమ్ నిలబడిన చోట

ఇంగ్లండ్‌లో పునీత తోమాస్ బెకెట్ వారు చనిపోయిన కాంటర్బరీకి వెళ్ళేవాళ్ళు చాలామంది లండన్‌లో రైలెక్కి, గంటలో దిగి, నేరుగా కతీడ్రల్‌కి వెళ్ళిపోతారు. మేము దానికి ముందే చిల్లమ్‌లో దిగి నడక మొదలుపెట్టాం. గుంటూరు నుంచి వచ్చిన మా అక్క పట్టుబట్టింది. "పునీతుల దగ్గరికి వెళ్తూ కాస్తయినా కాళ్ళు నొప్పి పుట్టకపోతే ఎట్లారా" అంది. గుణదల కొండని చెప్పుల్లేకుండా ఎక్కే మనిషి ఆమె. పది కిలోమీటర్ల పైచిలుకు దారి ఆమెకి లెక్కే కాదు. నాకే టెన్షన్.

పాత యాత్రికుల దారి అని చెప్పుకునే బాట ఇది. ఓల్డ్ వైవ్స్ లీస్, చార్టమ్ హాచ్ అనే పల్లెలు దాటాక ఆపిల్ తోటల మధ్యలోంచి వెళ్తుంది. ఆ తర్వాత అడవి, అడవి దాటితే హార్బుల్‌డౌన్. అక్కడ కుష్ఠురోగుల కోసం పదకొండో శతాబ్దంలో కట్టిన పునీత నికొలాస్ గుడి ఇప్పటికీ ఉంది. తోమాస్ బెకెట్ వారిని చంపించిన పాపం మీద వేసుకుని, ప్రాయశ్చిత్తానికి వచ్చిన రెండో హెన్రీ రాజు కూడా హార్బుల్‌డౌన్ మీదుగానే వచ్చాడు. కాంటర్బరీ పొలిమేరలో ఉన్న సెయింట్ డన్‌స్టన్ గుడి దగ్గర రాజవస్త్రాలు విప్పేసి, 1174 జూలై 12న అక్కణ్ణుంచి వట్టికాళ్ళతో కతీడ్రల్ దాకా నడిచాడు. సమాధి ముందు మోకరించి, మఠవాసుల చేత బెత్తం దెబ్బలు తిన్నాడు. రాత్రంతా అక్కడే ఉండిపోయాడు. ఆ గుడి దగ్గరికి రాగానే అక్క చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. నేనూ విప్పాను. ఫుట్‌పాత్ మీద మమ్మల్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. యాత్రికులు ఆ ఊరికి కొత్త కాదు.

దారంతా అక్కకి కథ చెబుతూనే ఉన్నాను. లండన్‌లో ఒక వర్తకుడి కొడుకు తోమాస్. రాజుకి ప్రాణస్నేహితుడు, చాన్సలర్. శ్రీసభ తన చెప్పుచేతల్లో ఉంటుందని ఆశపడి, 1162లో రాజే ఆయన్ని కాంటర్బరీ అగ్రపీఠాధిపతిని, అంటే ఆర్చిబిషప్‌ని చేయించాడు. పీఠం ఎక్కాక ఆయన రాజు మాట వినలేదు. తప్పు చేసిన గురువుల్ని, అంటే ఫాదర్లని ఎవరు శిక్షించాలి, పోపుగారికి మొర పెట్టుకోవడానికి రాజు అనుమతి కావాలా అనే గొడవ 1164లో క్లారెండన్ సభలో ముదిరింది. ఆయన ఆరేళ్ళు ఫ్రాన్స్‌లో ప్రవాసం ఉన్నారు. 1170 డిసెంబర్ మొదట్లో తిరిగొచ్చారు. యువరాజు పట్టాభిషేకం కాంటర్బరీ పీఠం హక్కు. దాన్ని యార్క్ అగ్రపీఠాధిపతి చేసేశారు. ఆ పట్టాభిషేకంలో పాలుపంచుకున్న పీఠాధిపతుల్ని తోమాస్ వారు శిక్షించారు. వాళ్ళు వెళ్ళి నార్మండీలో ఉన్న రాజుకి చెప్పుకున్నారు. రాజు సభలోనే నోరు పారేసుకున్నాడు. ఆ మాటలు విన్న నలుగురు యోధులు సముద్రం దాటి వచ్చారు: రెజినాల్డ్ ఫిట్జ్‌అర్స్, హ్యూ డి మోర్విల్, విలియమ్ డి ట్రేసీ, రిచర్డ్ లె బ్రెట్.

కతీడ్రల్ లోపల, వాయవ్యం వైపు ఉన్న ఆ చోటుని వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) మరణస్థలం అనే అంటారు. గోడ మీద రెండు ఇనుప కత్తులు మొనలు కిందికి దిగి ఉంటాయి. దీపాల వెలుతురుకి వాటి నీడలు పక్కన పడి మొత్తం నాలుగు కత్తుల్లా కనిపిస్తాయి. కింద చిన్న బలిపీఠం, నేల మీద తోమాస్ అని చెక్కిన పేరు. 1982లో రెండో జాన్‌పాల్ పోపుగారు, కాంటర్బరీ అగ్రపీఠాధిపతి రాబర్ట్ రన్సీ కలిసి మోకరించి ప్రార్థించింది ఇక్కడే. ఆనాటి కట్టడం తర్వాత మారిపోయింది. ఆ సాయంత్రం తోమాస్ వారు గట్టిగా పట్టుకున్న స్తంభం ఇప్పుడు లేదు. అయినా క్లోయిస్టర్ (మఠం వరండా) నుంచి లోపలికి వచ్చే తలుపు ఇటు, గాయకమండలి వైపు ఎక్కే మెట్లు అటు. నిలబడి చూస్తే, ఎవరు ఎటు పరిగెత్తారో అర్థమైపోతుంది.

1170 డిసెంబర్ 29, మంగళవారం. చీకటి పడుతోంది, సాయంకాల ప్రార్థన సాగుతోంది. మఠవాసులు తలుపులు మూయబోతే, ప్రార్థనాలయాన్ని కోట చేయకూడదని తోమాస్ వారే ఆపారు. కావాలంటే భూగర్భంలోకో, పైకప్పు కిందకో తప్పించుకునే వీలుంది. ఆయన కదల్లేదు. "రాజద్రోహి ఎక్కడ?" అని వాళ్ళు అరిస్తే, ద్రోహిని కాను, గురువుని అని ముందుకొచ్చి నిలబడ్డారు. బయటికి లాక్కెళ్ళబోతే స్తంభాన్ని పట్టుకున్నారు. అప్పుడు కత్తి లేచింది.

ఇక్కడే అక్క నన్ను ఆపింది. "మరి అంతమంది మఠవాసులు ఉన్నారు కదరా, ఏమయ్యారు?"

పారిపోయారు అక్కా. చివరిదాకా మిగిలింది ముగ్గురే: ఆయన పాపోచ్చారణ వినే మెర్టన్ రాబర్ట్, గుమాస్తాగా పనిచేసిన విలియమ్ ఫిట్జ్‌స్టీఫెన్, ఎడ్వర్డ్ గ్రిమ్. ఈ గ్రిమ్ ఆ మఠానికి చెందినవాడు కూడా కాదు. కేంబ్రిడ్జ్ నుంచి చూడ్డానికి వచ్చిన ఒక గురువు. ఆయనకి ఆ పీఠంతో బంధం లేదు, ఆ గొడవలో పాత్ర లేదు. అయినా తోమాస్ వారిని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. మొదటి దెబ్బ తోమాస్ వారి నడినెత్తిని చీల్చింది, గ్రిమ్ చెయ్యి దాదాపు తెగిపోయింది. మూడో దెబ్బకి తోమాస్ వారు మోకాళ్ళ మీద పడి, యేసు నామం కోసం, శ్రీసభ కోసం చావుకి సిద్ధమని అన్నట్టు మనకి తెలిసింది గ్రిమ్ రాతల వల్లే. ఆ తర్వాతి దెబ్బకి లె బ్రెట్ కత్తి మొన రాతికి తగిలి విరిగింది. యోధుల వెంట వచ్చిన హ్యూ అనే ఒక క్లర్కు, తోమాస్ వారి మెడ మీద కాలు పెట్టి, మెదడుని నేల మీదికి చిమ్మి, పోదాం పదండి, ఇక వీడు లేవడు అన్నాడు.

ఈ సంగతులు రాసిన వాళ్ళందరినీ నేను గౌరవిస్తాను, పారిపోయిన వాళ్ళని కూడా. విలియమ్ అనే ఒక కాంటర్బరీ మఠవాసి, కొట్టండి అనే అరుపు వినగానే తనకూ అదే గతి పడుతుందని భయపడి మెట్లెక్కి పరిగెత్తానని తన పుస్తకంలో తానే రాసుకున్నాడు. వేదసాక్షి మరణానికి తగనివాణ్ణని ఒప్పుకున్నాడు. దాచేసి ఉంటే అడిగేవాళ్ళు ఎవరు? గొప్ప పండితుడు జాన్ ఆఫ్ సాల్స్‌బరీ కూడా ఆ క్షణంలో పక్కన లేడు, కానీ ఈ హత్య కబురుని ఉత్తరం రాసి లోకానికి చెప్పిన మొదటివాళ్ళలో ఆయన ఒకడు. ఎవరి దెబ్బ ముందు, ఎవరి మాట ఏమిటి అన్న వివరాల్లో వీళ్ళు ఒకరితో ఒకరు కలవరు. నాకైతే ఆ తేడాల వల్లే నమ్మకం పెరిగింది. చీకట్లో, అరుపుల మధ్య, ఒక్కొక్కరు ఒక్కొక్క చోటునుంచి చూసింది అలాగే ఉంటుంది. కూడబలుక్కుని రాసుంటే అన్నీ అతికినట్టు సరిపోయేవి.

ఆ రాత్రి శరీరానికి ప్రార్థనాబట్టలు మార్చేటప్పుడు లోపల, ప్రాయశ్చిత్తం కోసం ఒంటికి గుచ్చుకునేలా వేసుకునే, గొంగళి లాంటి ముతక వెంట్రుకల చొక్కా బయటపడింది. అప్పటిదాకా ఆయన్ని గర్విష్ఠి అనుకున్న మఠవాసులు ఆ చొక్కా చూసి ఏడ్చారు. 1173 ఫిబ్రవరిలోనే మూడో అలెగ్జాండర్ పోపుగారు ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. 1220లో అవశేషాలని పైన ట్రినిటీ చాపెల్‌లోకి మార్చారు. మూడు వందల ఏళ్ళకు పైగా యాత్రికులు ఎక్కిన రాతి మెట్లు అరిగి మధ్యలో గుంటలు పడ్డాయి. అక్క ఒక మెట్టు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిమిరింది. 1538లో ఎనిమిదో హెన్రీ ఆ సమాధిని కూల్చేయించాడు. ఇప్పుడక్కడ ఖాళీ నేల మీద ఒక కొవ్వొత్తి వెలుగుతూ ఉంటుంది.

మరణస్థలం చూసి, భూగర్భంలో మొదటి సమాధి ఉన్న చోట ప్రార్థించుకున్నాక బయటికొచ్చాం. కతీడ్రల్ ఇప్పుడు ఆంగ్లికన్ సభది కాబట్టి, దివ్యబలి పూజకి బర్గేట్ వీధిలోని కతోలిక గుడికి వెళ్ళాలి. రెండు నిమిషాల నడక. అది కూడా పునీత తోమాస్ వారి పేరు మీదే ఉంది. ఆయన ఎముక ముక్క, పూజావస్త్రం ముక్క అక్కడ భద్రపరిచారు. ఈ యాత్రకి వెళ్ళే మనవాళ్ళు అది మానకండి.

పూజకి ముందు అక్క అడిగింది: "ఆ ఎడ్వర్డ్ గారిని కూడా పునీతుణ్ణి చేశారా?"

లేదన్నాను.

"అయితే ఆయన ఆత్మ కోసం ఒక పూజ చెప్పిద్దాం. చెయ్యి తెగుతున్నా వదల్లేదు కదరా."

కాగితం మీద ఎడ్వర్డ్ గ్రిమ్ అని రాసి ఫాదర్ గారికి ఇచ్చాను. ఆయన పేరు చదివి, ఎవరో వెంటనే గుర్తుపట్టి, సరేనన్నారు.