నీతి ముందే చదివేసే పిల్లలు

పాట్‌లక్‌లో నలుగురు తెలుగు తల్లులు ఒకచోట చేరితే, పులిహోర బాగుందన్న మాట అయ్యాక వచ్చేది పిల్లల చదువే. "మావాడు థర్డ్ గ్రేడే గానీ ఫిఫ్త్ గ్రేడ్ పుస్తకాలు చదివేస్తున్నాడు" అంటుంది ఒకావిడ. "అవునా, లెక్సైల్ ఎంత?" అని అడుగుతుంది ఇంకొకావిడ, షుగర్ ఎంతుందని అడిగినట్టే. లెక్సైల్ అంటే పిల్లల చదివే స్థాయికీ, పుస్తకం కష్టానికీ అమెరికా స్కూళ్లలో వాడే అంకె. వాడు ఏ పుస్తకం చదువుతున్నాడు, అందులో ఏం నచ్చింది అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

మేముండేది న్యూజెర్సీలో. కూతురు మిడిల్ స్కూల్, కొడుకు మూడో తరగతి. స్కూల్లో టీచరు చెప్పినవి ఇద్దరూ చదువుతారు, దానికేం లోటు లేదు. నా గోల వేరే. ఎవరూ చెప్పకపోయినా, మార్కులు లేకపోయినా, ఆదివారం మధ్యాహ్నం తమంతట తాము పుస్తకం పట్టుకుని కూర్చోవాలి. అలా కూర్చోబెట్టే పుస్తకాన్ని లెవెల్ చూసి పట్టుకోవడం కుదరదని నా నమ్మకం.

లెక్సైల్ అంకె ఎలా వస్తుందో తెలిస్తే దాని మీద భయభక్తులు సగం తగ్గుతాయి. వాక్యాలు ఎంత పొడవున్నాయి, వాడిన మాటలు ఎంత అరుదైనవి, ప్రధానంగా ఈ రెండూ చూసి కంప్యూటర్ వేసే లెక్క అది. కథలో ఏముందో దానికి తెలియదు. జాన్ స్టైన్‌బెక్ 1939లో రాసిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నవల ఆ కొలతలో 680 దగ్గర ఉంటుంది. అంటే రెండు, మూడు తరగతుల పిల్లల స్థాయి! కరువుకి ఊళ్లు వదిలి వలస పోయిన రైతు కుటుంబాల కథని మావాడి చేతిలో పెట్టొచ్చన్నమాట. ఏ తరగతిలో ఏం నేర్చుకోవాలో చెప్పే కామన్ కోర్ అనే అమెరికా ప్రమాణాలు 2010లో వచ్చాయి. ఆ పత్రాల్లోనే ఈ ఉదాహరణ చూపించి, అంకె ఒక్కటే నమ్ముకోకూడదని రాశారు. పుస్తకాలకి ఎ నుంచి జెడ్ దాకా అక్షరాల లెవెల్స్ పెట్టిన ఐరీన్ ఫౌంటాస్, గే సు పినెల్ కూడా అంతే. అది టీచరు వాడుకోవాల్సిన పనిముట్టు, పిల్లల మీద అంటించే చీటీ కాదని వాళ్లే చెబుతూ వచ్చారు. స్కూల్ లైబ్రేరియన్ల సంఘమైతే పుస్తకాల మీద లెవెల్ స్టిక్కర్లు వేసి అరల్లో సర్దడాన్నే వ్యతిరేకించింది. ఇంత మంది చెబుతున్నా మన ఇళ్లలో మాత్రం అది ర్యాంకు. ఎంసెట్ రాసి వచ్చిన తరం కదా, అంకె కనబడితే చెయ్యి ఊరుకోదు.

మరి లెవెల్ అడగకపోతే ఏం అడగాలి? ఇది నేను మా ఊరి లైబ్రరీలో పిల్లల విభాగం చూసే ఒక పెద్దావిడని చూసి నేర్చుకున్నాను. మావాడు ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడి "నాకు పుస్తకాలు ఇష్టం లేదు" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. ఆవిడ ఏమీ అనుకోలేదు. "సరే, ఎవరూ ఏ పనీ చెప్పనప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగింది. మొసళ్ల వీడియోలు చూస్తానన్నాడు. ఆవిడ వాణ్ణి 597 నంబరు అర దగ్గరికి తీసుకెళ్లింది. పాములు, తాబేళ్లు, మొసళ్లు అన్నీ అక్కడే ఉంటాయి. ఒక నాలుగైదు పుస్తకాలు తీసి నేల మీద పరిచి, "నాకు అవతల పనుంది" అని వెళ్లిపోయింది.

ఆ వెళ్లిపోవడమే అసలు విద్య. నేనైతే పక్కనే కూర్చుని "ఇది చూడు నాన్నా, ఇందులో ఎన్ని విషయాలున్నాయో" అని ఊదరగొట్టేదాన్ని. వాడు వాటిని తిరగేసి, రెండింటిని పక్కకి తోసి, అట్ట మీద పళ్లు బాగా కనిపించేది తీసుకున్నాడు. వారం తిరక్కుండా మొసలి వీపు మీద ఉండే ఎముక పలకల్ని 'ఆస్టియోడర్మ్' అంటారని, నేను ఆ మాట తప్పు పలుకుతున్నానని నాకు పాఠం చెప్పాడు. స్కూల్లో అయిదు వేళ్ల సూత్రం అని ఒకటి నేర్పుతారు. పేజీ తెరిచి, తెలియని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. అయిదూ ముడిస్తే ఆ పుస్తకం కష్టం, వదిలెయ్. మంచి చిట్కానే, కాదనను. కానీ ఆ సూత్రం ప్రకారం మొసళ్ల పుస్తకం మావాడికి ఏ మాత్రం పనికిరాదు. ఇష్టం ఉన్నచోట పిల్లలు ఎంత బండరాయి లాంటి మాటనైనా నమిలేస్తారు. అందుకని ఇప్పుడు వేళ్లు లెక్కపెట్టమని చెప్పను. ఒక రెండు పేజీలు చదివి, మూడోది తిప్పాలనిపించిందా లేదా అని మాత్రం అడుగుతాను.

తిప్పాలనిపించకపోతే పెట్టెయ్యమంటాను. ఇది మా వారికి మొదట్లో మింగుడుపడలేదు. "మొదలుపెట్టింది పూర్తి చెయ్యాలి" అన్న ఇంట్లో పెరిగిన మనిషి. నిజమే, మన చిన్నప్పుడు పుస్తకమంటే డబ్బు పెట్టి కొన్నది. ఇక్కడ లైబ్రరీ సంచి నింపుకొచ్చి, సగం చదవకుండా తిరిగి ఇచ్చినా అడిగేవాడు లేడు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన గ్రంథాలయ సూత్రాల్లో ఒకటి, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉంటుందని. ఆ తనదేదో దొరికేదాకా పక్కన పెట్టాల్సినవి పెట్టక తప్పదు.

బొమ్మల పుస్తకాల గొడవ ఇంకొకటి. గ్రాఫిక్ నవల చేతిలో కనబడితే "అది చదవడం కాదు, బొమ్మలు చూడటం" అంటారు మనవాళ్లు. అమెరికాలో పిల్లల సాహిత్యానికి 1922 నుంచి ఇస్తున్న న్యూబెరీ మెడల్ 2020లో మొదటిసారి ఒక గ్రాఫిక్ నవలకే వచ్చిందని చెబితే కాస్త తగ్గుతారు. అవార్డు సంగతి వదిలేద్దాం. చందమామ వచ్చిన రోజు మనం ముందు చూసింది కథనా, బొమ్మనా? వడ్డాది పాపయ్య గారి అట్ట చూసి, శంకర్ గారి విక్రమార్కుడి భుజం మీద బేతాళుణ్ణి చూసి, ఆ తర్వాతే కదా అక్షరాల్లోకి దిగాం.

మా అమ్మాయి సంగతి మొసళ్లంత సులువు కాదు. మన పిల్లలకి మనలాంటి వాళ్ల కథలు ఇవ్వాలని నాకు పట్టుదల. పిల్లలకి పుస్తకం తమని చూపించే అద్దంలా ఉండాలి, ఇతరుల లోకం చూపించే కిటికీలానూ ఉండాలి అని రూడీన్ సిమ్స్ బిషప్ 1990లో రాసిన వ్యాసం ఇక్కడ టీచర్లందరికీ తెలుసు. అందులో అద్దం ముక్క ఒక్కటే పట్టుకుని, ముఖచిత్రం మీద నల్లటి జడ కనిపించిన ప్రతి పుస్తకమూ దాని బల్ల మీద పెడుతూ వచ్చాను. ఒకరోజు అది నిట్టూర్చి, "అమ్మా, వీటిలో అందరూ లంచ్ బాక్స్ గురించే ఏడుస్తారు. మా టేబుల్ దగ్గర సగం మంది తెచ్చుకునేది దోసెలే" అంది. నిజమే, మా వైపు ఊళ్లలో ఇండియన్ పిల్లలు అంత మంది. దోసె తెచ్చుకున్నందుకు సిగ్గుపడే పిల్ల దానికి అద్దం కాదు, మా తరం అక్కచెల్లెళ్ల ఫోటో. దానికి కావాల్సింది హత్య ఎవరు చేశారో తేలని కథలు. పాత ఇంగ్లండులో పల్లెటూరు, పెద్ద బంగళా, వర్షం, తాళం వేసిన గది. ఆ కిటికీలోంచి అది హాయిగా చూస్తోంది. ఒకే సిరీస్ మళ్లీ మళ్లీ చదువుతోంది కూడా. చదవనిస్తున్నాను. మాయాబజార్ ఎన్నిసార్లు చూశామో మనల్ని ఎవరైనా అడిగారా?

ఇంగ్లీషు పుస్తకాల సంగతి ఎలాగోలా నడుస్తుంది. తెలుగు దగ్గరకొచ్చేసరికి అసలు చిక్కు. మా పిల్లలిద్దరికీ తెలుగు చదవడం వచ్చు, నెమ్మదిగా. ఒత్తు కింద ఒత్తు వస్తే ఆగుతారు, మాట పొడుగైతే మధ్యలో మొదలు మర్చిపోతారు. చదవగలిగే స్థాయి అయిదేళ్లది, బుర్ర పదకొండేళ్లది. తేలిగ్గా చదవగలిగిన పుస్తకంలో కుందేలు క్యారెట్ తింటుంది, అది మా అమ్మాయికి అవమానం. నచ్చే కథ ఉన్న పుస్తకంలో పేజీ నిండా చిన్న అక్షరాలు, అర పేజీకి ఒక పేరా. లైబ్రరీలో తెలుగు అర ఉంది గానీ అందులో ఉన్నవి ఎక్కువగా పెద్దవాళ్ల నవలలు.

మా అమ్మ వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో ఆవకాయ సీసాల మధ్య నీతికథల పుస్తకాలు సర్దుకొస్తుంది. మావాడు వాటిని చదివే పద్ధతి చూస్తే నవ్వొస్తుంది. కథ అడుగున గడి కట్టి 'నీతి' అని ఉంటుంది కదా, ముందు అది చదువుతాడు. 'అత్యాశ మంచిది కాదు.' అంతే, పేజీ తిప్పేస్తాడు. "కథ చదవవేంరా?" అని అమ్మమ్మ అడిగితే "చివర ఏమవుతుందో తెలిసిపోయింది కదా అమ్మమ్మా" అన్నాడు. పాపం ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. చదవమని బతిమాలుకునే పుస్తకంలో గుట్టంతా అచ్చేసి పెట్టడం ఏం తెలివో, ప్రచురణకర్తలే చెప్పాలి.

వాణ్ణి తెలుగులోకి లాగింది కూడా మొసలే. వీడియో కాల్‌లో మొసళ్ల గొప్పలు చెబుతుంటే మా అమ్మ "మా నాగార్జునసాగర్‌లోనూ ఉన్నాయిరా" అంది. అక్కణ్ణుంచి గజేంద్ర మోక్షం దాకా వెళ్లింది కథ. పెద్ద అక్షరాల్లో, పేజీకి నాలుగు వాక్యాలున్న పుస్తకం ఒకటి దొరికితే సగం దాకా నేను చదివి, మొసలి కాలు పట్టుకున్న చోట ఆపి, అన్నం వార్చాలని లేచాను. మిగతాది వాడే కూడబలుక్కున్నాడు. వంటింట్లోకి వచ్చి "అమ్మా, మొసలి తప్పేముంది? నీళ్లు దానివే కదా, ఏనుగే వచ్చి పాడుచేసింది" అని కేసు పెట్టాడు. ఆ మొసలి శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడని, చివర దానికీ విముక్తి దొరికిందని చెబితే గానీ శాంతించలేదు. పోతన గారి పద్యాలకి వాడు ఎప్పటికి చేరతాడో తెలియదు. మొసలి పక్షాన వాదించేవాడు ఒకడు తయారయ్యాడు, ఇప్పటికి చాలు.

అప్పటి నుంచి తెలుగు పుస్తకం కొనేటప్పుడు నేను చూసేవి వేరు. అక్షరం పెద్దదా? మాటలాడుకునే వాక్యాలు ఎక్కువున్నాయా? సంభాషణ అయితే పిల్లలు ఇంట్లో విన్న తెలుగుతో జత చేసుకుని చదివేస్తారు, వర్ణన దగ్గర చతికిలబడతారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. అక్కడా నాలుగు స్థాయిలున్నాయి గానీ నేను స్థాయి దాచేసి బొమ్మలు చూపించి ఎంచుకోమంటాను. సైన్సు విషయాల మీద ఉన్నవి పెద్ద పిల్లలకి చిన్నతనంగా అనిపించవు. తూలికా ప్రచురణల వాళ్ల రెండు భాషల పుస్తకాలు, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు వేసే చిన్న చిన్న పుస్తకాలు సూట్‌కేసులో బరువు కూడా ఉండవు. శీతాకాలం సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు విజయవాడ పుస్తక మహోత్సవం తగిలితే, పిల్లల చేతికి చెరి కొంత డబ్బిచ్చి వదిలేశాను. మావాడు వంటల పుస్తకం కొన్నాడు, అట్ట మీద చేప ఉందని. మా వారు నోరు తెరవబోతే కాలు తొక్కాను.

కొన్నవి అరలో పెట్టేస్తే మాత్రం ఫలితం ఉండదు. మా కృష్ణా ప్రాంతంలో 1930లలో పాతూరి నాగభూషణం గారు పడవల్లో పుస్తకాలు పెట్టి ప్రయాణికుల దగ్గరికే గ్రంథాలయాన్ని తీసుకెళ్లారు. పడవ ఎక్కినవాడికి గంటల కొద్దీ వేరే పని ఉండదు. మా పిల్లలు అలా ఊరికే కూర్చునేది కారు వెనక సీట్లో, సంగీతం క్లాసుకీ ఈతకీ మధ్య. అందుకే మా మినీవాన్ సీటు జేబుల్లో ఎప్పుడూ పుస్తకాలుంటాయి, ట్యాబ్లెట్ మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

మా అమ్మాయికి కావాల్సిన తెలుగు పుస్తకం మాత్రం నాకింకా దొరకలేదు. పదకొండేళ్ల పిల్లకి తగిన భాషలో, రక్తపాతం లేకుండా, అయినా ఒళ్లు గగుర్పొడిచే డిటెక్టివ్ కథ. పాత డిటెక్టివ్ నవలలు తిరగేశాను. పిల్లల చేతికి ఇవ్వలేం. ఈ మాట మా అమ్మతో అంటే, తన చిన్నప్పుడు వాళ్ల ఊరి గుళ్లో అమ్మవారి నగలు పోయిన సంగతి గుర్తొచ్చింది. చెప్పొద్దు, రాసి పంపమన్నాను. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక వాట్సాప్‌లో తెలుగులో నాలుగేసి వాక్యాలు టైప్ చేసి మనవరాలికి పంపుతోంది. అది పొద్దున్నే లేచి, పళ్లు తోముకోకుండా ఫోన్ పట్టుకుని, "పూజారి గారి బావమరిది అంటే ఎవరమ్మా?" అని అరుస్తోంది. దొంగ ఎవరో ఇంకా తేలలేదు. నేను విడిగా ఫోన్ చేసి అడిగినా మా అమ్మ చెప్పడం లేదు.